కొబ్బరి మానండి, విమానం వెయ్యండి

సొసైటీ అప్పు తీర్చలేక, సెక్రటరీ గారు ఎదురొస్తే సందులోకి తిరిగిపోతున్న రాజోలు, కొత్తపేట రైతు సోదరులకి అమలాపురం నుంచి ఓ సలహా అండి. తప్పు వానది కాదు, దళారీది కాదు, మీదే. సార్వాకి వరి వేశారు, గట్టు మీద కొబ్బరి పెట్టారు. వెయ్యాల్సింది విమానం.

విత్తనం సంగతి తర్వాత, ముందు అప్పు చూడండి. యూరప్ విమానాల కంపెనీ ఎయిర్‌బస్ కొత్త విమానం తలపెడితే ఫ్రాన్సు, జర్మనీ, బ్రిటన్, స్పెయిన్ సర్కార్లు అప్పిస్తూ వచ్చాయండి. కొత్త విమానాన్ని రూపొందించే ఖర్చులో మూడో వంతు దాకా ఇవ్వొచ్చని 1992లో అమెరికాతో కాగితం కూడా రాసుకున్నారు. తీర్చేది ఎలాగంటే, విమానం అమ్ముడైనప్పుడల్లా విమానానికింత. ఆయ్, అంతేనండి! మీరూ సొసైటీకెళ్ళి, "దింపు దింపుకీ కాయకింత కడతానండి, దింపు లేకపోతే అడక్కండి" అని చూడండి. సెక్రటరీ గారు మంచినీళ్ళు తెప్పిస్తారు. మీక్కాదు, ఆయనకే.

వేసేదేదో పెద్దది వెయ్యండి. రెండంతస్తుల ఎ380కి జర్మనీ 94.2 కోట్ల యూరోలు అప్పిచ్చింది. కొనేవాళ్ళు కరువయ్యారు, ఇక చెయ్యం అని 2019 ఫిబ్రవరిలో కంపెనీ చెప్పేసింది. మొత్తం మీద కొన్నవాళ్ళకి అందినవి 251. చెప్పేనాటికి జర్మనీకి తిరిగొచ్చింది మూడో వంతు. విమానమే లేనప్పుడు విమానానికింత ఎక్కణ్ణుంచొస్తుందండీ? 2011లో మీరూ సార్వా ఎగ్గొట్టి పంట విరామం అన్నారు. సర్కారు వేసిన మోహన్ కందా కమిటీ వచ్చింది, చూసింది, వెళ్ళింది. పంటకి సెలవిచ్చారు సరే, వడ్డీకి సెలవెవరిచ్చారు?

అన్నీ అలా మునగలేదు లెండి. ఎ320కి 1984లో బ్రిటన్ 25 కోట్ల పౌండ్లిస్తే, ఆ విమానం విరగ్గాసి, ఇచ్చినదానికంటే ఎక్కువే ఖజానాకి చేరింది. ఈ కబురు మాత్రం బ్యాంకులో చెప్పకండి. పంట బాగున్న ఏడు అసలు, వడ్డీ పోను వాటా కూడా ఇమ్మంటారు.

కౌలు రైతులకైతే ఇది మరీ సుళువు. మీ సాగు హక్కు కార్డుకి భూమి ఆసామి ఒప్పుకోవాలంది 2019 చట్టం. ఆసామి ఒక్క సంతకానికి ఏడాదంతా తిప్పుతాడు. విమానానికి నాలుగు దేశాలు సంతకాలు పెడతాయి. రన్‌వేకి కాలవ గట్టు చాలదూ?

ఎవరైనా తగువుకొస్తారని భయమా? ఎయిర్‌బస్ మీదా వచ్చారు. ఆ అప్పులు అన్యాయమని 2004లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. (మీ విమానాల కంపెనీ బోయింగ్‌కి మీరు పెట్టింది మాత్రం ఏంటని యూరప్ ఎదురు కేసు వేసిందనుకోండి.) పదిహేనేళ్ళు నలిగాక, 2019 అక్టోబరులో, ఏడాదికి 750 కోట్ల డాలర్ల యూరప్ సరుకు మీద సుంకం వేసుకోమని అమెరికాకి అనుమతి దొరికింది. వేసేసింది. విమానాల మీద 10 శాతం. స్పెయిన్ ఆలివ్ కాయల మీద 25 శాతం.

మళ్ళీ చదవండి. అప్పు తిన్నది విమానం, దెబ్బ తిన్నది కాయ.

అందుకని మీరు విమానం వేసినా, పక్క చేనువాణ్ణి మాత్రం కొబ్బరి చెట్లు తీసెయ్యనివ్వకండి. రేపు సుంకం పడితే ఎవరిదో ఓ కాయ ఉండాలి కదండీ.