కొమ్ములు వదులుకోకండి

పిల్లలు స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తుంటే వేసవిలో ఓసారి వెళ్లక తప్పదు. వెళ్లిన పది రోజులకి, మనల్ని ఇంట్లో పెట్టుకుని ఏం చెయ్యాలో తోచక, వాళ్లు ప్రైవేటు కారూ గైడూ మాట్లాడి “సిగ్టూనా, ఉప్సలా చూసి రండి నాన్నా” అని సాగనంపుతారు. వైకింగుల నాటి ఊరొకటి, మధ్యయుగాల ఊరొకటి, పొద్దున్న వెళ్లి రాత్రి భోజనానికి ఇంటికి. కిందటేడు నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం. కాబట్టి ఈ విషయంలో నా మాట వినొచ్చు.

అన్నిటికన్నా ముందు, వైకింగు ఎలా ఉంటాడో ఇంటి దగ్గరే ఖాయం చేసుకోండి. ఎర్ర గడ్డం, చేతిలో గొడ్డలి, నెత్తిన రెండు కొమ్ముల టోపీ. కారు కదలగానే గైడు ఆ కొమ్ములు పీకే పనిలో పడుతుంది. మా గైడమ్మ మర్యాదస్తురాలు, కాఫీ ఇప్పించి మరీ పీకింది. వైకింగులు కొమ్ములు పెట్టుకున్నారనడానికి ఆధారమే లేదట. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో వాగ్నర్ సంగీత నాటకాలు ఆడినప్పుడు, దుస్తులు రూపొందించిన కార్ల్ ఎమిల్ డోప్లర్ పాత్రధారులకి కొమ్ములు తగిలించాడట. అక్కణ్ణించి లోకమంతా పాకాయట. నార్వేలో 1943లో దొరికిన అసలు ఇనప టోపీకి కొమ్ముల్లేవు. సిగ్టూనా తవ్వకాల్లో దుప్పి కొమ్ము మీద చెక్కిన ఒక మగవాడి తల బయటపడింది. వాడి నెత్తిన ఉన్నది మొనతేలిన మామూలు టోపీ. అంటే కొమ్ము మీద చెక్కారు గానీ కొమ్ములు చెక్కలేదు.

మీరు చలించకండి. ‘మాయాబజార్’ చూసినవాడికి కృష్ణుడి కిరీటం ఎలా ఉంటుందో పురావస్తు శాఖ చెప్పాలా? నాటకాల వాళ్లు నిర్ణయించిందే చరిత్ర. గైడు చెప్పినంతసేపూ తలూపి, చివర్లో “అయితే కొమ్ములు ఎప్పుడు తీసేశారు?” అని అడగండి. ఆమె కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఆ నిశ్శబ్దంలో హాయిగా కునుకు తీయవచ్చు.

మధ్యలో మెలకువ వస్తే “బిర్కా కూడా చూపించండి, దారిలోనే కదా” అని పట్టుబట్టండి. అది దారిలో లేదు. మేలరెన్ సరస్సులో దీవి, పడవెక్కాలి. అయినా అడగండి, కారు ఎనిమిది గంటలకి మాట్లాడుకున్నాం.

సిగ్టూనాకి ఐదు నిమిషాలు చాలు. 980 ప్రాంతంలో పుట్టిన ఊరు, అప్పట్లో వేసిన పెద్ద వీధి ఇప్పటికీ అదే వరసలో సాగుతోందని గైడు మురిసిపోయింది. వీధి వెయ్యేళ్లుగా కదలకపోవడంలో గొప్పేముంది? మా బ్రాడీపేటలో వీధులు కదిలాయా? ఇక్కడే 995 ప్రాంతంలో ఉలోఫ్ రాజు స్వీడన్‌లో మొదటి నాణేలు కొట్టించాడట. పని తెలిసినవాళ్లని ఇంగ్లండు నుంచి రప్పించి, ఇంగ్లండు నాణెం చూసి దించేశారట. బయటి దేశపు నిపుణుల్ని తెచ్చుకునే అలవాటు స్వీడన్‌కి అప్పటినుంచే ఉందన్నమాట. ఈ ముక్క మావాడికి చెబితే నవ్వలేదు; వాడి పర్మిట్ రెన్యువల్‌లో ఉంది.

రూనిక్ రాళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఊళ్లో ఎటు చూసినా అవే, గైడు ప్రతిదాని దగ్గరా ఆగుతుంది. పాములా మెలితిరిగిన పట్టీ, దానిలో అక్షరాలు, మధ్యలో సిలువ. సిలువ చూసి నేను ఖంగుతిన్నాను. ఈ రాళ్లు వేయించినవాళ్లు చాలామంది అప్పటికే క్రైస్తవులట. ఏదో యుద్ధగీతం ఉంటుందనుకుంటే, ఉన్నది ఇంతే: ఫలానావాళ్లు తమ తండ్రి జ్ఞాపకార్థం ఈ రాయి నిలబెట్టించారు. చేయించినవాడి పేరు ముందు, పోయినవాడి పేరు తరవాత. మన గుళ్లో ఫ్యాను రెక్కల మీద రాయించే పద్ధతే. మా ఆవిడ ఒక్కో రాయీ చదివించుకుంటూ అరగంట నిలబడిపోయింది. మీరు అలా కానివ్వకండి. ఎర్ర రంగు బాగా కనిపించే రాయి ఒకటి చూసి, ఆనుకుని ఫోటో దిగి వచ్చెయ్యండి. ఆ ఎర్ర రంగు ఈ కాలంలో వేసిందేనని గైడు చెబుతుంది. ఫోటో కూడా ఈ కాలానిదే కదా.

ఉప్సలాలో పెద్ద చర్చి శిఖరాలు 118 మీటర్లు దాటతాయి. ఫోన్‌లో పట్టవు, కాబట్టి లోపలికి పదండి. గుస్తావ్ వాసా రాజు సమాధి మీద అటూ ఇటూ ఇద్దరు భార్యల విగ్రహాలతో వెంకటేశ్వరస్వామిలా పడుకుని ఉంటాడు. మూడో భార్యనీ అక్కడే పూడ్చారట, విగ్రహం మాత్రం లేదు. మా ఆవిడ నావైపు చూసింది, నేను పైకప్పు వైపు చూశాను.

అదే చర్చి నేల కింద లిన్నేయస్ ఉన్నాడు, స్కూల్లో ద్వినామ నామకరణం అని మనచేత బట్టీ పట్టించినాయన. అందుకే చెబుతున్నా, పులిహోర పొట్లం గైడు ముందు విప్పకండి. ఈ పులుపేమిటని అడిగింది. చింతపండు అన్నాం. అంతే, 1753లో మన చింతచెట్టుకి టామరిండస్ ఇండికా అని పేరు పెట్టింది ఈ ఊరి ప్రొఫెసరేనని మొదలెట్టింది. అరబ్బీలో తమర్ హింది అంటేనే హిందూ దేశపు ఖర్జూరమట, దాని వెనక మళ్లీ ఇండికా. “గేటు ద్వారం” అన్నట్టు. మామిడికీ ఆయనే పెట్టాడంటూ ఆవిడ ఊరగాయ వైపు చూసింది. ఉన్న నాలుగు ముక్కల్లో రెండు అక్కడే ఖర్చయ్యాయి.

పాత ఉప్సలాలో మూడు పెద్ద మట్టి దిబ్బలున్నాయి, కింద రాజులదని చెప్పుకునే చితాభస్మం. 6వ శతాబ్దానివి, వైకింగుల కంటే సుమారు 200 ఏళ్లు ముందువి అంటుంది గైడు. ఒప్పుకోకండి. మన దగ్గర ప్రతి గుట్టా పాండవులది, ప్రతి పాత గోడా కృష్ణదేవరాయలది కావడం లేదూ? ఆమె కూడా కాస్త సర్దుకోవాలి. ఇక్కడ బలులిచ్చే గుడి ఉండేదని 11వ శతాబ్దంలో ఆడమ్ అనే జర్మన్ మతగురువు రాశాడు. ఆయన ఈ చుట్టుపక్కలకే రాలేదట. రాకుండా రాసినవాడు ప్రసిద్ధుడు, వచ్చి రాస్తున్నవాణ్ణి నేను.

తిరుగు దారిలో గైడు ఆఖరి ప్రయత్నం చేస్తుంది. స్టాక్‌హోమ్ చరిత్ర మ్యూజియంలో ఒక చిన్న కంచు బుద్ధుడున్నాడట. కాశ్మీరు, స్వాత్ లోయ ప్రాంతంలో 6వ శతాబ్దంలో పోతపోసింది, ఎన్ని చేతులు మారిందో, ఇదే మేలరెన్ సరస్సులోని హెల్యో దీవిలో 1956లో తవ్వకాల్లో దొరికిందట. “మీ దేశం నుంచి వచ్చింది, ఒక్క అరగంట, చూస్తారా?” అని మొహం వెలిగిపోతూ అడిగింది. మా ఆవిడ అప్పటికే సీటు బెల్టు తీస్తోంది. నేను ఆపాను. బుద్ధుణ్ణి చూడ్డానికి స్వీడన్ రావాలా? మాకు గుంటూరు నుంచి అమరావతి ముప్పై చిల్లర కిలోమీటర్లు. ఎప్పుడైనా వెళ్లొచ్చు కదా అని ఇంకా వెళ్లలేదు గానీ.