డా, పక్కన చుక్క

మా మేనకోడలు ఏం చదవాలో తేల్చడానికి మొన్న ఆదివారం గుంటూరు బ్రాడీపేటలో, మా బావగారింట్లో పెద్దల సమావేశం జరిగింది. బావగారి తమ్ముడు, పల్లెటూళ్లో ఎరువుల దుకాణం. బావగారి చెల్లెలు, ఎల్‌ఐసీ ఏజెంటు. మా బాబాయి, రిటైర్డు తాసీల్దారు. నేను, పత్రికలకు రాసుకు బతికేవాణ్ణి. ఆసుపత్రి గడప రోగిగా తప్ప తొక్కినవాళ్లం ఒక్కరమూ కాదు. కాబట్టి చర్చ నిష్పక్షపాతంగా సాగింది. అమ్మాయిని ఎవరూ పిలవలేదు గానీ, టీలు పట్టుకొచ్చింది కనక పిలిచినట్టే లెక్క.

కథ మీకు తెలిసిందే. బైపీసీ, నీట్. మొదటిసారి 720కి 362. ఏడాది లాంగ్ టర్మ్ తర్వాత 418. "ఇంకొక్క లాంగ్ టర్మ్ వేద్దామా?" అన్నారు బావగారు, తిరుపతి దర్శనానికి ఇంకో టికెట్టు దొరుకుతుందా అని అడిగినట్టు. అమ్మాయి ట్రే కింద పెట్టి, "నాన్నా, నేను బీఎస్సీ నర్సింగ్ చేస్తాను" అంది.

మా అక్క లేచి వెళ్లి వంటింటి కిటికీ మూసింది. పక్కింటివాళ్లకి వినపడుతుందని.

మన ఇళ్లలో వైద్యవిద్య అంటే మేడ మెట్లు దిగడం. పైన ఎంబీబీఎస్. అక్కడ కాలు జారితే డెంటల్, తర్వాత ఆయుర్వేదం, హోమియో, ఫార్మ్‌డీ, ఫిజియోథెరపీ. ఒక్కో మెట్టు మీదా ఒక్కో బాబాయి నిలబడి "ఇదీ డాక్టరేగా!" అని చెయ్యందిస్తూ ఉంటాడు. ఆయుర్వేదం అయిదున్నరేళ్లు, ఫార్మ్‌డీ ఆరేళ్లు. అన్నేళ్లూ ఏం నేర్పుతారో ఆయనకి అక్కర్లేదు. చివర్న పేరు ముందు ఒక 'డా', పక్కన చుక్క వస్తాయా రావా అన్నదే ఆయనకి సిలబస్. ఆ చుక్క ఖరీదు తెలియాలంటే 2025 సెప్టెంబరు గుర్తు చేసుకోండి. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టరని పెట్టుకోవద్దంటూ ఢిల్లీలో ఆరోగ్యసేవల డైరెక్టరేట్ ఒక లేఖ విడుదల చేసింది. మర్నాడే వెనక్కి తీసుకుంది. ఆ మధ్యన ఉన్న ఒక్క రాత్రిలో ఎన్ని సంబంధాలు గాల్లో వేలాడాయో పెళ్లిళ్ల పేరయ్యలే చెప్పాలి.

నర్సింగుకి ఆ చుక్క లేదు. దాని జబ్బల్లా అదే.

"సూది పొడవడానికి నాలుగేళ్ల చదువెందుకే?" అని తాసీల్దారు బాబాయి మొదలెట్టాడు.

"సూది ఒక్కటే కాదు తాతయ్యా. అనాటమీ, ఫార్మకాలజీ, పురుళ్లు, మానసిక వైద్యం, పసిపిల్లలు, అన్నీ ఉంటాయి. డాక్టరు రాసిన మోతాదు తేడాగా ఉంటే మందు ఎక్కించేముందు పట్టుకోవాల్సింది కూడా నర్సే."

"అంటే డాక్టర్లకే తప్పులు పడతావా?"

నిమిషం కిందట ఆ చదువు మరీ చిన్నది. ఇప్పుడు మరీ పెద్దదైపోయింది.

ఇక్కడ నా సంగతొకటి ఒప్పుకోవాలి. ఆమధ్య పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి ఒక ఆసుపత్రిలో మూడు రోజులున్నాను. సర్జన్ గారు రోజుకోసారి వచ్చి, నా ఫైలుని పలకరించి వెళ్లేవారు. రెండో రాత్రి యాంటీబయాటిక్ ఎక్కుతుండగా, మంచినీళ్లివ్వడానికి ఆగిన సిస్టర్ నా మెడ మీద ఎర్రటి దద్దుర్లు చూసింది. సెలైన్ ఆపి, డ్యూటీ డాక్టర్ని నిద్ర లేపి, ఊపిరి సరిగా ఆడుతోందా అని తెల్లవారేదాకా నా చుట్టూ తిరిగింది. ఆ రాత్రి ఆ అంతస్తు మొత్తానికి ఆ అమ్మాయీ, ఇంకో ట్రైనీ, అంతే. మామూలు వార్డులో అయిదుగురికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఆ లెక్క ఆ మెట్లెక్కి పైకి రాలేదు, లిఫ్ట్ దగ్గరే ఆగిపోయినట్టుంది. డిశ్చార్జి రోజున మేం ఆత్రేయపురం పూతరేకులు తెప్పించాం. సర్జన్ గారికి.

"అవన్నీ సరే, జీతమెంతట?" అంది ఎల్‌ఐసీ అత్తయ్య. పాలసీ అమ్మేవాళ్లు పాయింటుకి త్వరగా వస్తారు. నేను నా పరిజ్ఞానం ఒలకబోశాను. ప్రైవేటు నర్సుల జీతాల సంగతి తేల్చమని 2016లో సుప్రీంకోర్టు చెబితే, కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో సర్కారు నర్సుతో సమానంగా ఇవ్వాలనీ, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రిలో అయినా 20,000కి తగ్గకూడదనీ ఆ కమిటీ సిఫార్సు చేసింది.

"మరింకేం, ఇస్తున్నారా?"

సిఫార్సులు రెండు రకాలు వదినా, అన్నాను. సీటు కోసం మనం చేయించేది పనిచేస్తుంది. జీతం కోసం కమిటీ చేసేది విశ్రాంతి తీసుకుంటుంది.

అలాగని మనం నర్సుల్ని గౌరవించడం లేదంటే కళ్లు పోతాయి. కరోనా వేళ, 2020 మార్చి 22న బాల్కనీలో నిలబడి పళ్లేలు మోగించాం. మే 3న వైమానిక దళం హెలికాప్టర్ల నుంచి ఆసుపత్రుల మీద పూలు కురిపించింది. అంతకు ముందే, 2016లో, కేంద్రం 'స్టాఫ్ నర్స్' అన్న మాట కొట్టేసి 'నర్సింగ్ ఆఫీసర్' అని గౌరవం పెంచింది. ఆ ఆఫీసరు గారిని వార్డులో ఇప్పటికీ "ఏమ్మోయ్ సిస్టరూ, సెలైన్ అయిపోయింది!" అనే పిలుస్తున్నాం. ఊరందరికీ సిస్టరే, కోడలిగా మాత్రం ఏ ఇంటికీ పనికిరాదు.

మా అక్క బాధ కూడా అదే. "రాత్రి డ్యూటీలంటే సంబంధాలు రావురా." వాళ్ల పెద్దమ్మాయి హైదరాబాదులో ఏడేళ్లుగా రాత్రి డ్యూటీయే చేస్తోంది. సాఫ్ట్‌వేరు. ఇంటి ముందుకి క్యాబొస్తుంది. అమెరికాలో ఎవరిదో కంప్యూటర్ మొరాయిస్తే తెల్లవార్లూ మేలుకోవడం కెరీరు. మంచం మీద మనిషి మొరాయిస్తే మేలుకోవడం పరువు తక్కువ.

అంతసేపూ నోరు మెదపని ఎరువుల బాబాయి అప్పుడు మధ్యేమార్గం చెప్పాడు. "మా ఊళ్లో విలేజ్ క్లినిక్ పెట్టారన్నయ్యా. అందులో డాక్టరమ్మ ఉంది, చూడాలి! బీపీ చూస్తుంది, షుగరు చూస్తుంది, మాత్రలిస్తుంది. నాకు రెండేళ్లుగా ఆవిడే వైద్యం. ఏదో అలాంటి కోర్సు చూడరాదూ?"

"బాబాయ్, ఆవిడ చదివింది బీఎస్సీ నర్సింగే" అంది అమ్మాయి.

బాబాయి జేబులో ఉన్న మాత్రల అట్ట తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. రెండేళ్లుగా దిగుతున్న బీపీ ఆ క్షణాన మళ్లీ ఎక్కినట్టుంది.

సభ ఎటూ తేలకుండా ముగిసేదే. ఎల్‌ఐసీ అత్తయ్య ఫోన్లో ఏదో వెతికి, "అన్నయ్యా, జర్మనీ వాళ్లకి నర్సులు కావాలట. తెలంగాణలో టామ్‌కామ్ అని సర్కారు సంస్థే జర్మన్ నేర్పించి మరీ పంపుతోందట" అని చదివింది. బావగారు కళ్లజోడు పెట్టుకున్నారు. యూరోని రూపాయల్లోకి మార్చారు. ఒకసారి సరిపోక రెండోసారి మార్చారు. యాభై ఏళ్ల నించి మలయాళీ అమ్మాయిలు ఈ లెక్క మీదే గల్ఫుకీ బ్రిటన్‌కీ వెళ్లి ఊళ్లో ఇళ్లు కట్టారు. మనకి మాత్రం మన ఆసుపత్రుల్లో వాళ్లు కనిపించినప్పుడల్లా ఆ యాస తప్ప ఇంకేదీ వినపడలేదు.

"ఆ దేశంలో నర్సుని ఏమంటారు?" అన్నారు బావగారు, కాస్త మెత్తబడి.

అమ్మాయి చెప్పింది. "ఫ్లేగెఫాఖ్‌ఫ్రావ్."

బావగారు ఆ మాటని పంటికింద రాయిలా రెండుసార్లు తిప్పారు. మొహంలో నెమ్మదిగా వెలుగొచ్చింది. ఎవరికీ అర్థం కాదు. అందులో నర్సు ఎక్కడా కనపడదు. అక్క కిటికీ తీసింది.

"నాన్నా, నాకు జర్మనీ వద్దు. చదివి ఇక్కడే పెద్దాసుపత్రిలో చేస్తాను" అంది అమ్మాయి. ఆ మాట ఎవరి చెవినా పడలేదు. అప్పటికే టిఫిన్లొచ్చాయి.

నిన్న రాత్రి బావగారు ఫోన్ చేశారు. "ఏమోయ్, నువ్వు రాసేవాడివి కదా, తెలుగులో ఆ 'ఖ్' పూర్తిగా రాయాలా, 'ఖ' కింద 'ఫ' ఒత్తివ్వాలా?" ఎందుకు బావా అంటే, పెళ్లి బయోడేటా ప్రింటుకి వెళుతోందట. అమ్మాయి ఇంకా అప్లికేషనే పెట్టలేదు.