బొటనవేలి కింద కాలం

నేను స్టాప్‌వాచ్‌ని. పరుగుపందేల దగ్గర మెడలో వేలాడే రకం కాదు, సినిమావాళ్ల రకం. నా డయల్ మీద సెకన్లతో పాటు అడుగుల అంకెలు కూడా ఉంటాయి. ఒకప్పుడు థియేటర్లో ఆడిన 35 ఎం.ఎం. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడిచేది. బడి ప్రొజెక్టర్ మీది 16 ఎం.ఎం. ఫిల్మ్ అయితే 36 అడుగులే. సెకనుకు 24 ఫ్రేములన్నది మాత్రం రెండింటికీ ఒకటే. బొమ్మలు గీసి కదిలించేవాళ్లకు ఈ లెక్క నోటికి వచ్చి ఉండాల్సిందే. గీత గీయకముందే నా తల మీది మీట నొక్కి, ఆ కదలికను మనసులో నడిపించుకుని, అది ఆగినచోట మళ్లీ నొక్కేవారు. ఎన్ని బొమ్మలు కావాలో అప్పుడు తేలేది.

నన్ను జేబులో వేసుకు తిరిగినాయన జీన్ డైచ్. 1924లో చికాగోలో పుట్టారు, న్యూయార్క్‌లో సొంత స్టూడియో నడిపారు. 1959 అక్టోబరులో విలియం స్నైడర్ అనే నిర్మాత పని మీద ప్రాగ్ వెళ్లాల్సి వచ్చింది. చెకొస్లొవేకియాలో అప్పుడు కమ్యూనిస్టుల పాలన. పది రోజులకు మించి ఉండనని ఆయన ఒప్పందంలోనే రాయించుకున్నారు. తీరా వెళ్లాక అక్కడి స్టూడియోలో ప్రొడక్షన్ పనులు చూసే జ్డెంకా పరిచయమయ్యారు. తర్వాత వాళ్లు పెళ్లి చేసుకున్నారు. 2020 ఏప్రిల్‌లో 95 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆయనకు ప్రాగే సొంతూరు.

తొలిరోజుల పనుల్లో ‘మన్రో’ ఉంది. పొరపాటున సైన్యంలో చేర్చేసుకున్న నాలుగేళ్ల పిల్లవాడి కథ. రాసింది జూల్స్ ఫైఫర్, పిల్లవాడికి గొంతిచ్చింది డైచ్ గారి కొడుకు. దానికి 1961లో ఆస్కార్ వచ్చింది. ఆపైన 13 టామ్ అండ్ జెర్రీ సినిమాలు తీశారు. వాటి మంచిచెడ్డల మీద జనం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వాదించుకోనివ్వండి. నాకు చెప్పాలనున్నది ఆ తర్వాతి నలభై ఏళ్ల గురించి.

అమెరికాలోని కనెటికట్‌లో మోర్టన్ షిండెల్ అనే ఆయన 1953లో వెస్టన్ వుడ్స్ అనే సంస్థ పెట్టారు. పిల్లల బొమ్మల పుస్తకాలను చిన్న సినిమాలుగా తీసి బళ్లకూ లైబ్రరీలకూ అందించడం దాని పని. షిండెల్ మొదట్లో బొమ్మలను కదిలించలేదు, పేజీ మీద కెమెరానే నడిపించారు. కథ కోరినచోట కెమెరా ఒక ముఖానికి దగ్గరగా వెళ్తుంది, ఇంకోచోట వెనక్కి జరిగి ఊరంతా చూపిస్తుంది. కానీ కొన్ని పుస్తకాలు అంతటితో ఊరుకోవు, బొమ్మలే లేచి నడవాలంటాయి. అలాంటివాటిని 1960ల చివరి నుంచి ఆయన ప్రాగ్‌కు పంపడం మొదలుపెట్టారు. 1968 ఆగస్టులో సోవియట్ టాంకులు ప్రాగ్ వీధుల్లోకి దిగాయి. దేశం విడిచి పోగలిగిన అమెరికావాడైనా డైచ్ పోకుండా, చెక్ చిత్రకారుల మధ్యే కూర్చుని పిల్లల పుస్తకాలకు ప్రాణం పోస్తూ పోయారు. 2008 దాకా 37 సినిమాలయ్యాయి.

బొమ్మల పుస్తకంలో గడియారం ఉండదు. పేజీ తిప్పేది పిల్లల వేలే. కథ చెప్పే అమ్మమ్మకు పిల్లవాడు ఊ కొట్టడమే కొలత. ఊ ఆలస్యమైతే కాసేపు ఆగుతుంది, ఆత్రంగా వస్తే ముందుకు సాగుతుంది. సినిమాకు ఆ వీలు లేదు. ఎదుట ఎవరు కూర్చున్నా రీలు ఒకే వేగంతో తిరుగుతుంది. పిల్లవాడు ఎక్కడ ఆగుతాడో ముందే ఊహించి, ఆ ఆగడాన్ని ఫ్రేముల్లో పెట్టాలి. అందుకే నన్ను నొక్కే బొటనవేలికి గీసే వేళ్లకున్నంత పని ఉంటుంది.

పాట్ హచిన్స్ 1968లో వేసిన ‘రోజీస్ వాక్’నే చూడండి. పుస్తకం మొత్తం 32 ఇంగ్లీషు మాటలు, ఒకే ఒక్క వాక్యం. రోజీ అనే కోడిపెట్ట రైతు దొడ్డంతా షికారు తిరిగి భోజనం వేళకు ఇల్లు చేరుతుంది. మాటల్లో ఉన్నది అంతే. బొమ్మల్లో మాత్రం దాని వెనకాలే ఒక నక్క ఉంటుంది. ఒక పేజీలో నక్క దూకబోతుంది. దాని ముందు నేల మీద చెత్త లాగే పళ్లకర్ర పడి ఉంటుంది. పేజీ తిప్పితే ఆ కర్ర లేచి నక్క ముక్కు పగలగొడుతుంది. రోజీ వెనక్కి కూడా చూడదు.

ఆ రెండు పేజీల మధ్య ఏముంది? కాగితం తిరిగేంత సేపు ఉంది. పిల్లలు పళ్లకర్రను ముందే చూసేసి, నక్క చూడలేదని ఒళ్లు బిగబట్టుకునే క్షణమది. తెర మీద నక్కను గాలిలో ఎంతసేపు ఉంచాలి? తొందరపడితే కర్ర పిల్లల కంట పడదు. సాగదీస్తే నవ్వు చల్లారిపోతుంది. అర సెకనంటే 12 ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు నిలిచినా ఆరు బొమ్మలు. ఆ కాస్తలోనే పుస్తకం బతకాలి. సినిమాలో కథ చెప్పే గొంతు కూడా చివరిదాకా నక్క పేరెత్తదు. ఇంకొకరైతే “అదిగో నక్క!” అని అరిపించి ఉండేవారేమో. పిల్లలు తమంతట తాము కనిపెట్టిన సంగతిని పెద్దవాళ్లు లాక్కోకూడదు. డైచ్ గారిలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఇదే.

మారిస్ సెండాక్ ‘వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్’ మరో రకం చిక్కు. 1963 నాటి ఆ పుస్తకంలో మొదటి బొమ్మ తెల్లటి అంచుల మధ్య చిన్నదిగా ఉంటుంది. పిల్లవాడి ఊహ పెరిగేకొద్దీ బొమ్మ పెద్దదై పేజీని నింపేస్తుంది. వికృత జంతువుల గంతులకు వచ్చేసరికి మాటలు పూర్తిగా మాయమై, వరసగా మూడుసార్లు రెండేసి పేజీల నిండా బొమ్మలే. చదివి వినిపించే పెద్దలు అక్కడ గబగబా తిప్పేస్తారు, పిల్లలేమో అక్కడే పాతుకుపోతారు. సినిమా పిల్లల పక్షం తీసుకోవాలి. 1970లలో వచ్చిన సినిమాకు డైచ్ స్వయంగా ధ్వనులు కూర్చారు. 1988లో పీటర్ షికెలీ కొత్త సంగీతంతో, కొత్త గొంతుతో అదే సినిమా మళ్లీ వచ్చింది. బొమ్మలు అవే అయినా ఆ గంతుల రుచి మారిపోయింది. ఒకే కొలత రెండు రకాలుగా వినిపించగలదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఎడ్ ఎంబర్లీ ‘డ్రమ్మర్ హాఫ్’ చెక్క మీద చెక్కి అచ్చుకొట్టిన బొమ్మల పుస్తకం. టోమీ అంగెరర్ ‘త్రీ రాబర్స్’లో కటిక నలుపు, చీకటి నీలం. ఈ రెండు పుస్తకాల సినిమాలూ పక్కపక్కన పెడితే ఒకే దర్శకుడు తీశాడంటే నమ్మలేరు. ప్రతిసారీ తన గీతను పక్కనపెట్టి మరొకరి గీతలో నడవడం చిన్న త్యాగమేమీ కాదు. సొంత శైలిని చూపించుకునేవాళ్లకు దక్కే పేరు ఇలాంటి పనికి దక్కదు. దక్కాలని నా వాదన.

ఇప్పుడు కంప్యూటర్ తెర కింద ఫ్రేముల లెక్క దానంతటదే కదులుతుంటుంది. నా అవసరం తీరింది, అందుకు బాధ లేదు. కానీ నక్క గాలిలో ఎంతసేపు ఉండాలో ఆ లెక్క చెప్పదు. దాన్నింకా మనిషే తేల్చాలి. ఆ 37 సినిమాల్లో ఏది దొరికినా, పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని ఒక పిల్లనో పిల్లవాడినో కూర్చోబెట్టుకుని చూడండి. ముందు రోజీతోనే మొదలుపెట్టండి, నక్క సంగతి మాత్రం చెప్పకండి.