గేటు తాళం

మచ్చ బొల్లారంలోని మా అపార్ట్‌మెంటుకు నేనే ప్రెసిడెంటును. ముప్పై ఏళ్లు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైనవాడికి అంతకన్నా పెద్ద రాజ్యం ఎవరిస్తారు?

పక్క అపార్ట్‌మెంటుకూ మాకూ మధ్య ఓ ఇనుప గేటు ఉంది. వాళ్ల కార్లు మా సందులోంచి తిరుగుతున్నాయని దానికి తాళం వేద్దామన్నాను. సెక్రటరీ ఒక్కడే "ఇంకోసారి ఆలోచిద్దాం సార్" అన్నాడు. ఆ రాత్రే ఆయన్ని వాట్సాప్ గ్రూపులోంచి తీసేశాను.

ఆదివారం సెల్లార్‌లో మీటింగు. సమోసాలు, ఛాయ్. చేతికి మైకు దొరికింది, పాఠం మొదలెట్టాను. పాలకుడు లాభనష్టాలు తూచి నిర్ణయం తీసుకుంటాడనుకుంటాం. అదొక్కటే కాదు, ఆఫీసుల ఆనవాయితీలూ కొలువులో కుమ్ములాటలూ కూడా నిర్ణయాన్ని వండుతాయని గ్రాహం ఆలిసన్ 1971లో రాశాడు. తెలివైనవాళ్లు సైతం గుంపుగా కూర్చుంటే తప్పుకు తలూపుతారని మరుసటేడు ఇర్వింగ్ జానిస్ అన్నాడు. అంతకుముందే, 1962 క్యూబా సంక్షోభంలో కెన్నెడీ కొన్ని సమావేశాలకు కావాలనే రాలేదు, తనుంటే ఎవరూ నోరు విప్పరని.

"అంతదూరం ఎందుకు? మన నిజాం సంగతే చూడండి" అన్నాను. 1947 అక్టోబర్‌లో భారత్‌తో ఒప్పందానికి ఆయన కౌన్సిల్లో ఆరుగురు సరేనన్నారు, ముగ్గురు కాదన్నారు. 27 తెల్లవారుజామున, ఒప్పందం వద్దన్న ఇత్తెహాద్ పార్టీ గుంపు ఢిల్లీ వెళ్లాల్సినవాళ్ల ఇళ్లను చుట్టుముట్టింది. నిజాం మాట మార్చాడు. రాజీ కోరిన ప్రధాని ఛతారీ నవాబు తప్పుకున్నాడు, మీర్ లాయక్ అలీ వచ్చాడు. భారత ప్రతినిధిగా వచ్చిన మున్షీకి ఉండటానికి చోటు కూడా ఇవ్వలేదు. ఆయన ఇక్కడే, మన బొల్లారంలో సైన్యం కట్టడాల్లో దిగాడు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది. 16న పారిస్‌లో భద్రతా మండలి నిజాం ఫిర్యాదు విన్నది. 17న నిజాం చేతులెత్తేశాడు. ఇల్లివ్వని ఆ మున్షీనే పిలిపించుకుని ఏం చేయమంటావని అడిగాడు.

"వద్దన్నవాణ్ణి వెళ్లగొట్టి ఔనన్నవాళ్లను చుట్టూ పెట్టుకుంటే అంతే!" అన్నాను. అందరూ తలూపారు. ఛాయ్ గ్లాసులు ఏరుతున్న వాచ్‌మన్ మల్లయ్య అయితే ఆగి మరీ ఊపాడు. గేటు తాళం ఏకగ్రీవం.

మర్నాడు ఏడింటికి లేచి బకెట్ కింద కుళాయి తిప్పితే గాలి బుస్సుమంది. కిందికి పరిగెత్తాను.

"టాంకర్ రాలేదా?"

"అయిదింటికే వచ్చింది సార్. మన సందు మలుపుల తిరగది కద. రోజు ఆ గేటు కెళ్లే లోపలికొస్తది. తాళం చూసి ఎనక్కి పోయింది."

"ఆ సంగతి అందరికీ తెలుసా?"

"తెలుసు సార్."

"మరి నిన్న ఒక్కరైనా చెప్పరేం? నువ్వైనా చెప్పొద్దా?"

మల్లయ్య తల గోక్కున్నాడు.

"నిజాం సాబ్ ముచ్చట చెప్తుంటే, మీ గురించి మీరే చెప్పుకుంటున్నరనుకున్న సార్. అందుకే అంత గట్టిగ తలూపిన."