ఖాళీ జాగా

హబుల్ టెలిస్కోపు మీద కాస్త సమయం దొరకడమే గగనం. అలాంటిదాన్ని 1995 డిసెంబరులో పది రోజులపాటు ఏమీ లేని చోటికి తిప్పి కూర్చున్నాడు రాబర్ట్ విలియమ్స్. సప్తర్షి మండలంలో ఒక చీకటి మూల అది. దండగ పని అన్నారు పెద్దలు. అయితే విలియమ్స్ ఆ టెలిస్కోపును నడిపే సంస్థకు డైరెక్టరు. టెలిస్కోపు సమయంలో డైరెక్టరు కోటా ఆయనదే, మాట పడితే పడేదీ ఆయనే.

342 ఎక్స్‌పోజర్లు కలిపి చూస్తే 3000 దాకా గెలాక్సీలు! దండగ అన్న నోళ్లు మూతపడ్డాయి. ఆ ఫోటోను ముందేసుకుని, విశ్వంలో ఏ కాలంలో ఎన్ని నక్షత్రాలు పుట్టాయో లెక్కలు కూడా కట్టేశారు.

1998లో అదే మూలను హవాయిలోని మౌనా కియా కొండ మీది జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ టెలిస్కోపు చూసింది. దాని స్కూబా కెమెరా వెతికేది ధూళిని. నక్షత్రాలు జోరుగా పుట్టే చోట ధూళి దట్టంగా ఉంటుంది. పసి నక్షత్రాల వెలుగును అది మింగేసి, వెచ్చబడి (మన లెక్కలో అదీ గడ్డకట్టే చలే), ఆ శక్తిని కంటికి కనబడని పరారుణ కిరణాలుగా వదులుతుంది. విశ్వంతోపాటు అవీ సాగి సాగి, మనదాకా వచ్చేసరికి దాదాపు మిల్లీమీటరు పొడవవుతాయి. స్కూబాకు ఐదు చుక్కలు చిక్కాయి. అన్నిటికన్నా ప్రకాశవంతమైన దానికి హెచ్‌డీఎఫ్ 850.1 అని పేరు పెట్టి, హబుల్ ఫోటోలో దాని మొహం చూద్దామని వెతికారు.

లేదు.

స్కూబా చూపు మసక. వీధి చెబుతుంది గానీ ఇంటి నంబరు చెప్పదు. ఆ పరిధిలో పడ్డ గెలాక్సీలన్నీ అనుమానితులే. ఇదే అన్నారొకరు, కాదు పక్కది అన్నారింకొకరు. తీరా మెరుగైన పరికరాలతో చోటు ఖాయం చేసుకుంటే, హబుల్ ఫోటోలో అక్కడున్నది పక్కనే అడ్డంగా ఓ దగ్గరి గెలాక్సీ, మిగతాదంతా నలుపు. దూరం తేల్చాలంటే వర్ణపటం కావాలి. వర్ణపటం తీద్దామంటే వెలుగే లేదాయె!

పద్నాలుగేళ్లు పట్టింది. 2012లో ఫాబియన్ వాల్టర్ బృందం ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల మీది రేడియో డిష్షులతో ఫ్రీక్వెన్సీలను జల్లెడ పట్టి, అందులోని కార్బన్ మోనాక్సైడ్ వాయువు వర్ణపట గీతలను పట్టుకుని దూరం తేల్చింది. ఆ కాంతి బయలుదేరింది సుమారు 1250 కోట్ల ఏళ్ల కిందట. మన పాలపుంత ఏడాదికి ఒకటో రెండో సూర్యుళ్లకు సరిపడా నక్షత్రాలను కంటే, ఇది 850 సూర్యుళ్ల సరుకును కంటోంది. పేరులోని 850కీ దీనికీ సంబంధం లేదు. అది స్కూబా చూసిన కిరణాల పొడవు, మైక్రాన్లలో.

దూరం తెలిసింది గనుక, ఆ చుట్టుపక్కల అంతే దూరంలో ఇంకెవరైనా ఉన్నారా అని చూశారు. డజను దాకా గెలాక్సీలు, ఒక క్వేజారు. అన్నిటి వెలుగూ దొరికింది, దూరాలూ తేలాయి.

ఇంటిల్లిపాదీ కంటపడ్డారు, సంపాదించే మనిషి తప్ప.