సీజన్ టూ అట!

సీజన్ వన్ ఎప్పుడైపోయిందో మీకేమైనా తెలిసిందా? దసరా నుంచీ అదే సోఫా, అదే ప్లాస్టిక్ పూలకుండీ, అదే యాంకరమ్మ. మధ్యలో బ్రేక్ కాస్త సాగిందనుకున్నాం. మొన్న మా లోకల్ చానల్ స్క్రోలింగ్‌లో "మీ అభిమాన టాక్ షో సరికొత్త హంగులతో" అని పరుగెత్తింది. ఆ హంగేమిటో ఆదివారం చూశాం కదా: సోఫా వెనకాల ఓ ఆకుపచ్చ గుడ్డ.

గుడ్డ మనకి కనబడదు. దాని బదులు స్విట్జర్లాండ్ కనబడుతుంది. బాగానే ఉంది. కానీ గోడమీది పచ్చకీ, మనిషి ఒంటిమీది పచ్చకీ తేడా ఆ కంప్యూటర్‌కి తెలీదని యాంకరమ్మకి ఎవరూ చెప్పినట్టు లేరు. ఆవిడ చిలకపచ్చ అంచు పట్టుచీర కట్టుకొచ్చింది. అంచున్న చోటల్లా మంచు. పైట సర్దుకున్నప్పుడల్లా భుజం మీద ఓ కొండ మొలిచింది.

ఆవిడే నయం. తర్వాత రైతు సంఘం పెద్దాయన వచ్చాడు. రైతు సంఘం వాళ్ల మెడలో ఏముంటుంది? ఆకుపచ్చ కండువా! మెడ మాయం, రొమ్ము మాయం. తల ఒక్కటీ మంచుకొండల మీద తేలుతూ, ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనమంటున్నారని మొత్తుకుంది. చేతులు కిందెక్కడో ఊగాయి.

పాపం, చెమట పట్టి కండువా కొసతో ముఖం తుడుచుకున్నాడు. ముక్కు దాకా మంచు కమ్మేసింది. అంతమంది ఉన్నారే, ఒక్కరంటే ఒక్కరు "బాబాయ్, ఆ కండువా కాస్త తీసి పక్కన పెట్టండి" అనలేకపోయారా? కెమెరా కుర్రాడు దేన్ని చూస్తున్నట్టు?

సీజన్ వన్‌లో చూపించిన మిమిక్రీ, పులిహోర, ఫోన్ చేసినవాళ్లతో "అమ్మా, మీ టీవీ సౌండ్ తగ్గించండి"... అవన్నీ ఎప్పుడో క్షమించేశాను.

కండువా కూడా క్షమించేద్దును. డబ్బుల్లేని చానల్, సర్దుకుపోతాం. కానీ పెద్దాయన ఇంకా తేమ దగ్గరే ఉండగా "టైమైపోయింది సార్" అని లేపేసి ఎవర్ని కూర్చోబెట్టారు? షుగర్ డాక్టర్ని. ఆయనకి నలభై నిమిషాలు. ఆయన వెనక స్విట్జర్లాండ్ కాదు, ఫోన్ నంబరుతో నిగనిగలాడే ఫ్లెక్సీ. మూడు నెలల్లో షుగర్‌ని కూకటివేళ్లతో పీకేస్తాడట. ఇన్సులిన్ ఆపేయమన్నాడు. యాంకరమ్మ తలూపింది. ఫోన్ చేసినవాళ్లందరికీ తగ్గిపోయిందట. తగ్గనివాళ్లకి లైన్ దొరకలేదు కాబోలు.

ఇది నవ్వులాట కాదు. మధుమేహం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరమని 1954లోనే చట్టం వచ్చింది. గంటలో ప్రకటనలు 12 నిమిషాలు మించకూడదని కేబుల్ నిబంధనల్లో ఉంది. అందుకే ఆ నలభై నిమిషాల్ని ప్రకటన అనరు, టాక్ షో అంటారు. మా వీధిలో ఇన్సులిన్ పొడుచుకునే ముసలమ్మలు ఈ చానలే పెట్టుకుంటారు, ఊళ్లో ఎవరు పోయారో చెప్పేది ఇదొక్కటే గనక. ఆ నమ్మకాన్నా అద్దెకిచ్చింది? ఆవిడల్లో ఒకరు రేపు సూది మానేస్తే, ఆ పోయినవాళ్ల ఫోటోల్లో ఆవిణ్ణీ వేసి, దానికీ డబ్బు పుచ్చుకుంటారా? సిగ్గుండాలి.

ఇలాంటి లోకల్ చానళ్ల కార్యక్రమాల రికార్డింగు 90 రోజులు దాచాలని కేంద్రం 2022లో ఆపరేటర్లకి చెప్పింది. గడువింకా ఉంది. ఏ అధికారైనా వెళ్లి ఆ నలభై నిమిషాలూ అడగాలి. చెరిగిపోయిందంటే ఒప్పుకోకూడదు.