పచ్చదనం పక్కన ప్లాటు: కొత్తగా దిగేవారికి సూచనలు

గోదావరి డెల్టాలోని మండపేట శివార్లలో, పొలం గట్టున ఇల్లు కట్టుకుని ప్రకృతి ఒడిలో బతకాలనుకునేవారు ముందు చూసుకోవాల్సింది సైటు కాదు, నెల. సెప్టెంబరులో చూడండి. సార్వా చేను గాలికి ఊగుతూ, కాలువ నిండుగా పారుతూ, అడ్వాన్సు మీ చేత వాటంతటవే ఇప్పిస్తాయి. మే నెలలో మాత్రం అటు పోకండి. కాలువ కట్టేసి ఉంటుంది, అడుగున బురద నెర్రెలు విచ్చి ఉంటుంది. అప్పుడు చూస్తే ఒక ఇబ్బందికరమైన సంగతి తెలిసిపోతుంది: ఇక్కడి పచ్చదనం దానంతటది మొలిచింది కాదు. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట, ఇప్పుడు దాని చోట నిలిచిన బ్యారేజీ, కాలువలు, వాటి బోదెలు, ఆ బోదెల్లో ఏటా పూడిక తీసే చేతులు కలిస్తేనే ఈ ఆకుపచ్చ. అంటే మీరు కొనేది అడవి అంచు కాదు, పైకప్పు లేని కార్ఖానా పక్క వాటా.

కొన్నాక మొదటి పని మెరక. పక్కాయన మూడడుగులు గ్రావెల్ తోలిస్తే మీరు నాలుగు తోలించండి. నీరు పల్లమెరుగు అన్నారు గనుక పల్లం ఎవరిదో వారే చూసుకుంటారు. ప్లాటు పక్కన పంటబోదె ఉంటే దాన్ని సన్నటి తూములో దూర్చి పైన కారు పెట్టుకోవచ్చు. తొలకరికల్లా ఆ తూము మూతి దగ్గర పాలిథిన్ సంచులు, బోండాం డొక్కలు, గుర్రపుడెక్క అడ్డం పడి ఉంటాయి. వాటి మీద ఓ నీరుకట్టె తీరిగ్గా ఎండ కాగుతుంటుంది. దాని ఫొటో తీసి, కాలనీలో పాములున్నాయని ఫిర్యాదు పెట్టండి. తుల్యభాగ డ్రెయిన్‌లోకి దిగాల్సిన మురుగు మీ వంటింట్లోకి వస్తే రెండో ఫిర్యాదు. కోత యంత్రం అర్ధరాత్రి మోగిందని, మిల్లు ఊక నుసి బట్టల మీద పడిందని, కప్పలు నిద్ర చెడగొట్టాయని తక్కినవి. తాపేశ్వరం కాజా కావాలి గానీ వేలికి పాకం అంటకూడదన్నమాట. ప్రకృతి మరీ తప్పదనుకుంటే లేఅవుట్‌లో వదలాల్సిన 10 శాతం ఖాళీ స్థలం ఉంది, కడియం నర్సరీల నుంచి నాలుగు క్రోటన్లు తెస్తే సరి.

ఊరు పెరుగుతుంది, జనానికి ఇళ్లు వద్దా అంటారు. కావాలి. సాగు గిట్టక రైతే అమ్ముకుంటున్నాడు కదా అంటారు. అదీ నిజమే, ఆయన్ని తప్పుపట్టే హక్కు కొన్నవాడికి అసలే లేదు. డెల్టాలో పాత ఊళ్లూ మెరక మీదే వెలిశాయి. కానీ మట్టి తవ్విన గుంట చెరువయ్యేది, వాన నీటికి ఓ చోటు మిగిలేది. ఇప్పుడు మట్టి ఎక్కడో మెట్ట నుంచి టిప్పర్లలో వస్తోంది. గుంట అక్కడ, ముంపు ఇక్కడ. తప్పు ఇల్లు కట్టడం కాదు, బోదె మూసెయ్యడం. పైగా మీ కిటికీలోంచి కనిపించే చేను కూడా రేపటి వెంచరే. అందులో కొనేవారూ ఈ సూచనలే చదివి, మీకన్నా ఒక అడుగు ఎక్కువ మెరక చేస్తారు.

ఇవన్నీ పాటించే ఓపిక లేనివారికి దగ్గరి దారి ఒకటుంది. రిజిస్ట్రేషనుకు ముందు, ఆగస్టులో గట్టి వాన పడ్డ మర్నాడు సైటుకు వెళ్లండి. పక్క చేను కౌలు రైతును, “ఏవండీ, ఈ నీళ్లు ఎటు పోతాయి?” అని అడగండి.